అయిదు వికలల వ్యత్యాసము

కోణమును కొలుచుటకు విద్యార్థి చేతికి వచ్చు మొదటి పరికరము జామెట్రీ పెట్టెలోని కోణమానిని. దానిపై 180 భాగల గీతలుండును. రెండు గీతల నడుమ మరి గీత లేదు. అందుచేత భాగయే కోణమునకు కడపటి తునుక యను భావము చిన్నతనముననే మనస్సున నాటుకొనును. పై తరగతులలో ఉపాధ్యాయుడు 60 వికలలు ఒక కల యనియు, 60 కలలు ఒక భాగ యనియు చెప్పి నాలుగు లెక్కలు చేయించును. ఆ లెక్కల చివర వికలలు మిగిలినచో, 30కి మించిన వానిని ఒక కలగా చేర్చి, తక్కువైన వానిని విడిచిపెట్టుట వాడుక. పరీక్షకు అది చాలును. కాని 19వ శతాబ్దమున, అట్లే విడిచిపెట్టదగినవిగా కనబడిన అయిదు వికలలను ఒక గణితజ్ఞుడు విడువక పట్టుకొన్నాడు. ఆ పట్టుదలవలన హిమాలయముల అడుగున ఏమున్నదను ప్రశ్న పుట్టినది. ఆ కథ చెప్పుటకు ముందు ఈ తునుకల మానమును కొంత తెలిసికొనవలెను. మానము తెలియనిదే అయిదు వికలలు ఎక్కువో తక్కువో చెప్పుటకు వీలులేదు.

భాగ, కల, వికల అను పేర్లు మన పంచాంగములలోనివి. గ్రహము ఏ రాశిలో ఎన్ని భాగలు, ఎన్ని కలలు, ఎన్ని వికలలు నడచినదో పంచాంగకర్త వ్రాయును. సిద్ధాంత గ్రంథములలో కలకు లిప్త అనియు, వికలకు విలిప్త అనియు పేర్లు కలవు. లిప్త అనునది గ్రీకు పదమునుండి వచ్చినదని పండితుల నిర్ణయము. తెలుగువారు లిప్తపాటు అని కాలమునకు కూడ ఆ మాట వాడుచున్నారు. పాఠ్యపుస్తకములు వీనినే డిగ్రీ, నిమిషము, సెకను అని పిలుచుచున్నవి. ఏ పేరు పెట్టినను లెక్క యొక్కటే. పూర్తి వృత్తమునకు 12 రాశులు, రాశికి 30 భాగలు. కావున వృత్తమునకు 360 భాగలు, లేక 21,600 కలలు, లేక 12,96,000 వికలలు. కల యనగానే తరగతిలో ఎవడో ఒక పిల్లవాడు నిద్రలో వచ్చు కలను తలచి నవ్వుట తప్పదు. నవ్వనిండు, ఆ పేరును మరి మరువడు.

అరువదితో భాగించు ఆచారము బాబిలోనియావారిది. వారు మట్టిపలకలపై అంకెలను 60ల లెక్కన వ్రాసిరి. 60ని 2, 3, 4, 5, 6, 10, 12, 15, 20, 30 నిశ్శేషముగా భాగించును. 100ని 3 భాగింపజాలదు. భిన్నములతో అవస్థపడినవారికి ఈ సుఖము వేరుగా చెప్పనక్కరలేదు. క్రీస్తుశకము 2వ శతాబ్దమున టోలమీ ఈ పద్ధతినే తన జ్యోతిశ్శాస్త్రమున వాడెను. తరువాత లాటినున వ్రాసినవారు భాగయొక్క మొదటి సూక్ష్మభాగమును 'పార్స్ మినూటా ప్రీమా' అనియు, దానిని మరల 60 చేయగా వచ్చిన రెండవ సూక్ష్మభాగమును 'పార్స్ మినూటా సెకుండా' అనియు పిలిచిరి. మొదటి పేరులో నడిమి మాటయు, రెండవ పేరులో కడపటి మాటయు నిలిచి, మినిట్, సెకండ్ అయినవి. అనగా సెకను అను మాటకు 'రెండవది' యని మాత్రమే అర్థము. ఏది రెండవదని అడిగినచో తడబడువారు విద్యార్థులలోనే కాదు, పెద్దలలోను కలరు.

ఈ పేర్లలో ఒక చిక్కు కూడ కలదు. నిమిషము, సెకను అను మాటలు కాలమునకును కోణమునకును ఒక్కటే. భూమి 24 గంటలలో 360 భాగలు తిరుగును; గంటకు 15 భాగలు. ఆ లెక్కన కాలమునందలి ఒక నిమిషమునకు కోణమునందు 15 నిమిషములు, కాలమునందలి ఒక సెకనుకు కోణమునందు 15 సెకనులు. ఒకే పేరు మోయుచున్న రెండు మానముల నడుమ పదునైదు రెట్లు తేడా! నక్షత్రముల స్థానములను గంటలలో వ్రాసి, వాని దూరములను భాగలలో వ్రాయు పట్టికలను మొదటిసారి చూచినవారు ఇచ్చటనే తప్పటడుగు వేయుదురు.

మన ప్రాచీనులు ఈ విషయమున మెలకువ చూపిరి. వారు కాలమునకు వేరు పేర్లు పెట్టి, సంఖ్యలను మాత్రము కోణముతో సరిపుచ్చిరి. అహోరాత్రమునకు 60 గడియలు, గడియకు 60 విగడియలు, విగడియకు 6 ప్రాణములు. ఈ మూటిని హెచ్చవేసినచో దినమునకు 21,600 ప్రాణములు వచ్చును. వృత్తమునకు కలలును 21,600. కావున ఒక ప్రాణకాలమున ఆకాశము ఒక కల తిరిగినట్లు కనబడును. ప్రాణమనగా ఆరోగ్యవంతుడు ఒకసారి ఊపిరి తీసి విడుచుటకు పట్టు కాలము. నేటి లెక్కలో 4 సెకనులు, నక్షత్రదినమును తీసికొన్నచో అంతకు రవ్వంత తక్కువ. ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి తన ఆర్యభటీయమున ఈ సంబంధమును తొలిపాదముననే చెప్పెను. తిరుగునది భూమి యనియే ఆయన మతము. ఊపిరిని లెక్కించుచు ఆకాశపు తిరుగుడును కలలలో చెప్పగల ఈ ఏర్పాటు పాఠశాలలలో చెప్పదగినంతగా చెప్పబడుట లేదు.

ఫ్రెంచి విప్లవకాలమున 60ని తొలగించి 100ని నెలకొల్పుటకు యత్నము జరిగినది. లంబకోణమును 100 గ్రేడులుగా చేసిరి. భూమధ్యరేఖనుండి ధ్రువమువరకు 10,000 కిలోమీటర్లు ఉండునట్లు మీటరు పొడవును నిర్ణయించిరి. దానివలన భూమిపై ఒక గ్రేడు 100 కిలోమీటర్లు, గ్రేడులో నూరవవంతు ఒక కిలోమీటరు అగును. చూచుటకు ముచ్చటైన ఏర్పాటే. కాని నావికులును జ్యోతిశ్శాస్త్రజ్ఞులును తమ పాత పట్టికలను, పటములను, పరికరములను విడువలేదు. నేటికిని కొందరు సర్వేయరులు గ్రేడులను వాడుదురు. వారి లెక్కను మార్చుకొనుటకు గ్రేడుకు 54 కలలు, అందులో నూరవవంతునకు 32.4 వికలలు అని గుర్తుంచుకొనిన చాలును. నావికుడు భూమిపై ఒక కల దూరమునే తన మైలుగా చేసికొన్నాడు. 40,000 కిలోమీటర్ల చుట్టుకొలతను 21,600 చేత భాగించినచో 1.852 కిలోమీటర్లు వచ్చును. 1929లో అంతర్జాతీయ నావికమైలుగా స్థిరపడినది సరిగా ఈ 1,852 మీటర్లే. దీనిని మరల 60 చేత భాగించినచో దాదాపు 31 మీటర్లు: భూమిపై ఒక వికల విలువ. ఈ సంఖ్యతో ముందు పని యున్నది.

కోణమును పొడవుగా మార్చుటకు కీలకమైన సంఖ్య మరియొకటి కలదు. అదియును ఆర్యభటునివద్దనే దొరకును. వృత్తపు పరిధి 21,600 కలలైనచో దాని వ్యాసార్ధము ఎన్ని కలలు? వ్యాసము 20,000 అయిన పరిధి సుమారు 62,832 అని ఆయన చెప్పెను. ఆ నిష్పత్తితో లెక్క కట్టినచో వ్యాసార్ధము 3,437 కలలకు మించి, 3,438కి చేరువగా వచ్చును. ఈ 3,438 కలలనే వ్యాసార్ధముగా గ్రహించి ఆయన జ్యాపట్టికను కూర్చెను. అందు 225 కలల మెట్టుగా 24 జ్యాలుండును. మొదటి మెట్టున చాపము 225 కలలు, జ్యాయు 225. రెండవ మెట్టున చాపము 450, జ్యా 449. మూడవ మెట్టున చాపము 675, జ్యా 671. కోణము చిన్నదైనప్పుడు చాపమును జ్యాయును కలిసి నడచుననియు, కోణము పెరిగినకొలది విడిపోవుననియు ఈ మూడు వరుసలే చెప్పుచున్నవి. చిన్నకోణముల లెక్కకు ఇంతకంటె మంచి ప్రవేశము లేదు.

ఆ వ్యాసార్ధమును వికలలలోనికి మార్చి, మరికొంత సూక్ష్మముగా చెప్పినచో 2,06,265 వచ్చును. ఆకాశమును, భూమిని కొలుచువారందరు కంఠస్థము చేయు సంఖ్య ఇదియే. వస్తువు వెడల్పును దాని దూరముచేత భాగించి ఈ సంఖ్యతో హెచ్చవేసినచో అది కంటివద్ద ఎన్ని వికలల కోణము చేయునో తెలియును. ఒక సెంటీమీటరు వెడల్పు గల రేగుపండును 2,063 మీటర్ల దూరమున, అనగా రెండు కిలోమీటర్లకు పైబడి, నిలిపినచో అది ఒక వికల కోణము చేయును. వ్యాసార్ధమంత పొడవుగల చాపము చేయు కోణమునకు నేడు రేడియన్ అని పేరు. ఆ మాట 1873లో బెల్ఫాస్టు నగరపు కళాశాలలో జేమ్స్ థామ్సన్ అను ఆచార్యుడు ఇచ్చిన పరీక్షాపత్రమున మొదటిసారి అచ్చైనది. ప్రశ్నపత్రములవలన శాస్త్రమునకు ఒక మాట దక్కినదని ఉపాధ్యాయులు గర్వింపవచ్చును. ఆ పత్రమునకు సమాధానములు వ్రాసిన విద్యార్థుల మాట వేరు.

నక్షత్రముల దూరమును చెప్పునదియు ఈ సంఖ్యయే. భూమి సూర్యుని చుట్టు తిరుగునపుడు దగ్గరి నక్షత్రము రవ్వంత పక్కకు జరిగినట్లు కనబడును. 1838లో బెస్సెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు హంసరాశిలోని 61 సిగ్నీ అను నక్షత్రమునకు ఆ జరుగుబాటు 0.314 వికల యని ప్రకటించెను. 2,06,265ను దానిచేత భాగించినచో, ఆ నక్షత్రము సూర్యునికంటె ఆరున్నర లక్షల రెట్లకు పైగా దూరముననున్నదని తేలును. నేటి కొలత 0.286 వికల, కావున నక్షత్రము బెస్సెల్ చెప్పినదానికంటె కొంచెము దూరమునకే పోయినది. 2013లో ఎగిరి 2025లో పని చాలించిన గాయా ఉపగ్రహము వికలలో లక్షవవంతుల స్థాయివరకు కొలిచినది.

ఇక కంటి సంగతి. దుర్బిణి లేని మానవనేత్రమునకు ఇంచుమించు ఒక కల హద్దు. అంతకంటె దగ్గరగానున్న రెండు చుక్కలు ఒక్కటిగా కనబడును. 16వ శతాబ్దమున టైకో బ్రాహీ దుర్బిణి లేకయే ఆ హద్దువరకు గ్రహములను కొలిచెను. ఆయన కొలతలతో కెప్లర్ అంగారకునికి వృత్తమార్గమును సరిపుచ్చబోగా 8 కలలు తేడా వచ్చినది. మరియొకరైనచో 8 కలలను కొలిచినవాని చేతివణుకుగా ఎంచి విడిచియుందురు. టైకో 8 కలలు తప్పువాడు కాడని కెప్లర్ నమ్మెను. వృత్తమును విడిచి, 1609లో దీర్ఘవృత్తమును ప్రకటించెను. తరువాత దుర్బిణియు సూక్ష్మదర్శినియు కోణమానపు చక్రమునకు జతపడగా వాదము కలలనుండి వికలలలోనికి దిగినది. ఆ దిగుడునకు మన దేశమే ప్రధానరంగమైనది.

1802లో విలియం లాంబ్టన్ మద్రాసువద్ద సెంట్ థామస్ కొండ సమీపమున ఏడున్నర మైళ్ల ఆధారరేఖను గొలుసుతో కొలిపించెను. అచ్చటినుండి త్రిభుజములమీద త్రిభుజములు అల్లుచు దేశమును కొలుచుకొనిపోవుటయే మహా త్రికోణమితి సర్వే. ఒక భుజమును నేలపై కొలిచినచో, తక్కిన భుజములకు గొలుసు అక్కరలేదు; కోణములు చాలును. కోణము తప్పినచో మాత్రము అంతయు తప్పును. 30 మైళ్ల భుజమునకు ఒక వికల పొరపాటు దాని కొనవద్ద 9 అంగుళములకు పైబడును. అట్టి త్రిభుజములు వందలకొలది పేర్చవలసియున్నప్పుడు ఒక వికల ఎంత విలువైనదో ఊహింపవచ్చును.

లాంబ్టన్ వాడిన మహా థియోడొలైట్ లండనులో కేరీ అను పరికరశిల్పి చేసినది. బరువు అరటన్ను. దాని అడ్డచక్రపు వ్యాసము 36 అంగుళములు, అనగా వ్యాసార్ధము 457 మిల్లీమీటర్లు. అంతటి చక్రపు అంచున ఒక వికల ఎంత దూరము? 457ను 2,06,265 చేత భాగింపుడు: మిల్లీమీటరులో వెయ్యింట రెండు వంతులకు కొంచెము పైన. తలవెంట్రుక ఒకటి ఆ అంచున పడినచో ముప్పది వికలలను కప్పివేయును. అందుచేతనే చక్రపుగీతలను వట్టి కంటితో చదువక, సూక్ష్మమాపకము బిగించిన సూక్ష్మదర్శినులతో చదివిరి. 1808లో తంజావూరి దేవాలయ గోపురముమీదికి ఈ పరికరమును తాళ్లతో ఎక్కించుచుండగా తాడు తెగి అది గోడకు కొట్టుకొన్నది, చక్రము వంగినది. లాంబ్టన్ వారములకొలది దానితోనే కూర్చుండి, సుత్తెతోను మరలతోను దానిని మరల గుండ్రముగా చేసెను. వెయ్యింట రెండు వంతులు లెక్కకు వచ్చుచోట సుత్తెపని ఎంతటి ఓర్పు కోరునో చేతిపని ఎరిగినవారికి తెలియును.

1823లో లాంబ్టన్ హింగన్‌ఘాట్ వద్ద మరణించెను. పనిని జార్జి ఎవరెస్టు కొనసాగించి, 1843లో విరమించి, 1847లో తన కొలతలను గ్రంథముగా ప్రకటించెను. అందు మూడు స్థలములు ప్రధానము. దక్షిణమున నాటి నైజాము రాజ్యములో, బీదరు ప్రాంతమందలి దామర్గిడా, అక్షాంశము 18 భాగల 3 కలల 15 వికలలు. మధ్యభారతమున సిరోంజి సమీపమున కల్యాణపూర్, 24 భాగల 7 కలల 11 వికలలు. ఉత్తరమున ముజఫర్‌నగరము దగ్గర కలియానా, 29 భాగల 30 కలల 48 వికలలు. నారాయణపేట సమీపమున దామరగిద్ద యను ఊరున్నదే, అదియేనా యని పాలమూరు పాఠకులు అడుగవచ్చును. కాదు. అది 17వ భాగకు దక్షిణముననున్నది, అక్షాంశమే సాక్ష్యము.

ఇచ్చటనే విద్యార్థులు తరచు పడు గోతిని చూపవలెను. నేడు చేతిఫోనులోని పటములు అక్షాంశమును దశాంశములలో కూడ చూపును. దామర్గిడా అక్షాంశమును ఫోనుకు చెప్పదలచి ఒకడు 18.0315 అని కొట్టెననుకొందము. 3 కలలు, 15 వికలలు అచ్చటనే యున్నట్లు కంటికి కనబడును. కాని దశాంశము నూరుతో నడచును, కల అరువదితో నడచును. 3 కలల 15 వికలలు 195 వికలలు. దానిని 3,600 చేత భాగించినచో 0.05417 భాగ. సరియైన సంఖ్య 18.05417. తప్పుగా కొట్టినవాడు ఊరికి రెండున్నర కిలోమీటర్లు దక్షిణమున దిగును. సున్నను కూడ విడిచి 18.315 అని కొట్టినవాడు దాదాపు 29 కిలోమీటర్లు ఉత్తరమునకు పోవును. సూత్రము కష్టమైనది కాదు: మొదట అన్నిటిని వికలలుగా చేయవలెను, తరువాత ఒక్కసారి భాగింపవలెను. దశాంశములో నాలుగవ స్థానము భూమిపై 11 మీటర్లు, అయిదవ స్థానము ఒక మీటరు అని తెలిసినవాడు, ఫోను చూపిన ఎనిమిది తొమ్మిది అంకెలలో ఎన్ని నమ్మదగినవో కూడ తెలిసికొనును.

ఇప్పుడు ఆ అయిదు వికలలకు రావచ్చును. కల్యాణపూరుకును కలియానాకును నడుమ అక్షాంశభేదమును సర్వేవారు రెండు మార్గముల తెలిసికొనిరి. త్రిభుజముల మార్గమున నేలను కొలిచి, భూమి ఆకారమునుబట్టి కోణముగా మార్చగా 5 భాగల 23 కలల 42.294 వికలలు వచ్చెను. రెండుచోట్లను నక్షత్రములను చూచి నేరుగా కనుగొనగా 5 భాగల 23 కలల 37.058 వికలలు వచ్చెను. మొదటిది మొత్తము 19,422.294 వికలలు, రెండవది 19,417.058. తేడా 5.236 వికలలు, మూడువేల ఏడువందలింట ఒకటి. తరగతిలో ఇట్టి సమాధానము వచ్చినచో పూర్తి మార్కులు పడును. కాని భూమిపై అచ్చట ఒక వికల 30.8 మీటర్లు. అయిదు వికలల చిల్లరకు 161 మీటర్లు, అనగా 530 అడుగులు. ఇంచుమించు 600 కిలోమీటర్ల దూరమున 161 మీటర్లు స్వల్పముగా తోచవచ్చును. ఆధారరేఖలను అంగుళములలో సరిచూచుకొనుచు వచ్చిన సర్వేవారికి అది మింగుడుపడని సంగతి. పొరపాటును త్రిభుజములకు పంచిపెట్టి సరిపుచ్చుకొనుటకు దారి లేకపోలేదు.

కలకత్తాలో ఆర్చిడీకను పదవిలోనుండిన జాన్ హెన్రీ ప్రాట్ అట్లు తలపలేదు. ఆయన మతాధికారియే గాక కేంబ్రిడ్జిలో చదివిన గణితజ్ఞుడు. తప్పు త్రిభుజములది కాదు, తూకపుగుండుది కావచ్చునని ఆయన ఊహ. నక్షత్రమునుబట్టి అక్షాంశము తెలియవలెనన్నచో, నెత్తిపైనున్న ఖమధ్యబిందువునుండి నక్షత్రము ఎంత దూరమున్నదో కొలువవలెను. ఖమధ్యము ఏది యని చెప్పునది తూకపుగుండు వేలాడు దారమే. తాపీమేస్త్రీ గోడ నిటారుగా నున్నదా యని చూచుటకు వాడు గుండు వంటిదే అదియు. గుండును భూమి క్రిందికి లాగును. పక్కన పెద్దకొండ యున్నచో అదియు తనవైపునకు లాగును. స్కాట్లండులో షిహాలియన్ అను కొండకు ఇరువైపుల గుండు వాలినదని 1774లో మాస్కెలిన్ కొలిచియుండెను. రెండు వాలుళ్లును కలిపి 11.6 వికలలు. అంతటి చిన్నకొండయే లాగినచో హిమాలయములు లాగవా? కలియానా హిమాలయములకు దగ్గర, కల్యాణపూర్ దూరము. కలియానాలో గుండు ఉత్తరమునకు ఎక్కువగా వాలినచో ఖమధ్యము దక్షిణమునకు జరుగును; అక్షాంశము తగ్గి కనబడును; రెండుచోట్ల భేదమును తగ్గును. నక్షత్రముల లెక్క తక్కువగా వచ్చుటకు కారణము కుదిరినది.

కారణము కుదిరిన తరువాత పరిమాణము కుదురవలెను. ప్రాట్ పర్వతములను, వాని వెనుకనున్న టిబెట్టు పీఠభూమిని ఖండములుగా విభజించి, ఒక్కొక్క ఖండపు ఎత్తును, బరువును, దూరమును అంచనాకట్టి, ఆకర్షణమును కూడెను. ఫలితము కలియానావద్ద 27.853 వికలలు, కల్యాణపూరువద్ద 11.968 వికలలు. తీసివేయగా 15.885. కావలసినది 5.236! తక్కువగా వచ్చినచో ఏదో కొండ లెక్కకు రాలేదనవచ్చును. మూడురెట్లు ఎక్కువ వచ్చినది. పర్వతములు కంటికి కనబడుచున్నవి, వాని ఎత్తు తెలిసినది, న్యూటను సూత్రము తెలిసినది. అయినను అవి లాగవలసినంత లాగుటలేదు. ప్రాట్ ఈ లెక్కను దాచలేదు, తగ్గింపలేదు. తన ఊహకే అడ్డువచ్చిన సంఖ్యను మూడు దశాంశములవరకు వ్రాసి లండనులోని రాయల్ సొసైటీకి పంపెను. ఈ కథలో అన్నిటికంటె మెచ్చదగిన ఘట్టము ఇది.

ఆ వ్యాసము 1855లో అచ్చైనది. అదే సంపుటమున రాజజ్యోతిష్కుడు జార్జి ఎయిరీ కొలది పుటలలో సమాధానము వ్రాసెను. ఆయన వాదమున కొండలు గట్టినేలపై పెట్టిన బరువులు కావు. భూమి పైపొర తేలికది, క్రిందిది బరువైనది. పైపొర క్రిందిదానిపై తెప్పవలె తేలుచున్నది. నీటిపై దూలములు కట్టిన తెప్పలో ఒక దూలము తక్కినవానికంటె పైకి లేచి కనబడినచో, అది నీటిలోపలకు కూడ తక్కినవానికంటె లోతుగా దిగియున్నదని తెలియును. గోదావరిపై కలప తెప్పలను చూచినవారికి ఇది వివరింపనక్కరలేదు. అట్లే ఎత్తైన పర్వతమునకు అడుగున లోతైన తేలికవేరు ఉండును. పైనున్న రాతి లాగుడును, అడుగున బరువైనరాయి ఉండవలసినచోట తేలికరాయి ఉండుటవలన కలుగు లోటు చాలవరకు కొట్టివేయును. గుండు కొంచెమే వాలును.

ప్రాట్ దీనిని అంగీకరింపలేదు. 1859లో ఆయన వేరొక మార్గము చెప్పెను: అడుగున అందరకు లోతు ఒక్కటే, నేల క్రిందినుండి ఉబ్బి పైకి లేచినచోట్ల దాని సాంద్రత తగ్గినది, ఎత్తెంత ఎక్కువో సాంద్రత అంత తక్కువ. పిండి ఒక్కటే యైనను ఎక్కువ పొంగిన ఇడ్లీ ఎత్తుగా నుండి గుల్లగా నుండునట్లు. ఇద్దరి లెక్కలును గుండు వాలుటను సమర్థింపగలవు; 5.236 అను సంఖ్య ఒక్కటే ఇద్దరిలో ఎవరిది సత్యమో తేల్చజాలదు. ఈ తులనమునకు తరువాత అమెరికా భూగర్భశాస్త్రజ్ఞుడు డట్టన్ ఐసోస్టసీ అని పేరు పెట్టెను. ప్రాట్ 1871లో మరణించునాటికి వాదము తెగలేదు.

దానిని తేల్చుటకు భూకంపముల అలలు కావలసివచ్చినవి. అలలు తేలికరాతిలో ఒక వేగమునను, బరువురాతిలో మరియొక వేగమునను పోవుటనుబట్టి పైపొర మందమును 20వ శతాబ్దమున కొలువగలిగిరి. సామాన్యముగా ఖండములక్రింద అది 35, 40 కిలోమీటర్లు. టిబెట్టు పీఠభూమిక్రింద అది 70 కిలోమీటర్లకు చేరువ. హిమాలయముల విషయమున ఎయిరీ పలికినదే చాలవరకు నిలిచినది. సముద్రములలో నూతనముగా పుట్టి వేడిచేత ఉబ్బియున్న గుట్టలవంటి చోట్ల ప్రాట్ మాటయు చెల్లుచున్నది. ఎవరెస్టు గ్రంథమందలి రెండు వరుసలను పక్కపక్కన వ్రాసి, 42.294 నుండి 37.058 తీసివేయు లెక్క ఆరవ తరగతి పిల్లవాడు చేయగలడు.